వేలికి పద్నాలుగు, కంటికి నలభై

ప్రత్యేక సంచికకు ఎవరి శాఖ ముచ్చట వారు రాసి పంపాలని మన సంఘ కార్యవర్గం కోరింది. రెవెన్యూ మిత్రులకు జమాబందీలున్నాయి, పి.డబ్ల్యు.డి. వారికి ఆనకట్టలున్నాయి. కార్మిక శాఖలో జూనియర్ అసిస్టెంటుగా చేరి సీనియర్ అసిస్టెంటుగా దిగిపోయిన నాకు ఉన్నదల్లా ఒక చట్టం. ఆఫీసులో దాన్ని పూర్తి పేరుతో ఎవరమూ పిలిచేవాళ్లం కాదు, డబ్ల్యు.సి. అనేవాళ్లం. 1923 నాటి వర్క్‌మెన్స్ కాంపెన్సేషన్ యాక్టు, అంటే పనివారి నష్టపరిహార చట్టం. పనిలో ఉండగా పనివాడికి దెబ్బ తగిలినా, ప్రాణం పోయినా యజమాని ఎంత ఇచ్చుకోవాలో చెప్పే చట్టమది. నూరేళ్లు దాటి బతికి, 2025 నవంబరు 21న సామాజిక భద్రతా కోడ్ అమలులోకి రావడంతో అందులో కలిసిపోయింది. పెద్దవారు పోయినప్పుడు నాలుగు మాటలు చెప్పుకోవడం మనలో మర్యాద గనుక ఈ వ్యాసం.

ఇందులో యజమాని వైపు లెక్కే ఎక్కువగా చెబుతాను. కార్మికుడి కష్టం గురించి చాలామంది రాశారు. ఈ చట్టం యజమానికి ఎంత ఖర్చు తెచ్చింది, ఆ ఖర్చును ఎవరు ఎలా సర్దుకున్నారు, ఎవరు సర్దుకోలేక మునిగారు అన్నది రాసినవారు తక్కువ. కాని చనిపోయినవాడి ఇంటికి డబ్బు చేరడమూ చేరకపోవడమూ చివరకు ఆ లెక్క మీదనే ఉండేది.

చట్టం పుట్టుకకు ముందు సంగతి కొంచెం చెప్పాలి. 1837లో ఇంగ్లండులో మాంసం కొట్టులో పనిచేసే ఒక కుర్రవాడు, బరువు మించిన బండి విరిగిపడి తొడ ఎముక విరగ్గొట్టుకున్నాడు. యజమాని మీద దావా వేస్తే జ్యూరీ నూరు పౌన్లు ఇప్పించింది. పై కోర్టు కొట్టివేసింది. బండి సంగతి యజమానికి ఎంత తెలుసో పనివాడికీ అంతే తెలుసు, ఇష్టం లేకపోతే ఎక్కడం మానవలసింది అన్నారు. ఆ తీర్పు నుంచే తోటి పనివాడి పొరపాటుకు యజమాని బాధ్యుడు కాడన్న సూత్రం కూడా బయలుదేరింది. యంత్రాలు వచ్చి చేతులు తెగడం మొదలైన రోజుల్లో కార్మికుడికి ఆ సూత్రం అడ్డుగోడ అయింది.

దీన్ని మొట్టమొదట పగలగొట్టింది జర్మనీ. 1884లో బిస్మార్క్ తెచ్చిన ప్రమాద బీమా చట్టం తప్పు ఎవరిదన్న ప్రశ్ననే తీసిపారేసింది. ఒక్కొక్క పరిశ్రమలోని యజమానులందరూ ఒక సంఘంగా చేరి చందా వేసుకోవాలి. ప్రమాదం జరిగితే ఆ నిధి నుంచి ఇవ్వాలి. ఆ నిధికి కార్మికుడు దమ్మిడీ కట్టనక్కరలేదు. ఇంగ్లండు 1897లో, జోసెఫ్ ఛాంబర్లేన్ పట్టుదల మీద, తానూ తప్పొప్పుల విచారణ వదిలేసింది గాని నిధి మాట ఎత్తలేదు. ఎవరి ఫ్యాక్టరీలో జరిగితే వారి నెత్తిన మొత్తం భారం. కావాలంటే బీమా చేసుకోవచ్చు, లేకుంటే లేదు. మనకు వచ్చింది ఇంగ్లండు పద్ధతి. తర్వాత జరిగిన కథంతా ఆ ఒక్క ఎంపిక చుట్టూనే తిరిగిందని నా అభిప్రాయం.

అంతకు ముందు మన దేశంలో ఉన్నది 1855 నాటి ఫేటల్ యాక్సిడెంట్స్ యాక్టు ఒక్కటే. దాని ప్రకారం గనిలోనో మిల్లులోనో చనిపోయినవాడి భార్య సివిలు కోర్టులో దావా వేసి, యజమాని తప్పు వల్లనే చనిపోయాడని రుజువు చేయాలి. కోర్టు ఫీజుకు, ప్లీడరుకు ఎక్కడ తెస్తుంది? 1922 జూన్‌లో ప్రభుత్వం ఒక కమిటీ వేసింది. శాసనసభ్యులు, యజమానుల ప్రతినిధులు, కార్మికుల ప్రతినిధులు, డాక్టర్లతో పాటు ఇన్సూరెన్సు తెలిసినవారిని కూడా అందులో కూర్చోబెట్టారు. చట్టం రాయకముందే దాని ఖర్చు గురించి ఆలోచించారన్న మాట. 1923 మార్చి 5న చట్టమైంది. 1924 జులై 1 నుంచి అమలు.

తొలి చట్టంలోని అంకెలు చూస్తే యజమానులు మరీ బెదిరిపోవలసిన పని లేదనిపిస్తుంది. మనిషి చనిపోతే 30 నెలల జీతం గాని 2,500 రూపాయలు గాని, ఏది తక్కువైతే అది. పూర్తిగా పనికిరాకుండా పోతే 42 నెలల జీతం గాని 3,500 గాని, అక్కడా తక్కువదే. నెలకు 15 రూపాయలు తెచ్చుకునే కూలి ప్రాణానికి 450 రూపాయలు అయిందన్న మాట. చిన్న దెబ్బలకు మొదటి పది రోజులు ఏమీ రాదు. ఆ పది 1933లో ఏడుకు, 1959లో మూడుకు దిగింది. నెల జీతం 300 దాటినవారు చట్టం పరిధిలోకే రారు. పనిచేస్తూ మైనరు చనిపోతే తల్లిదండ్రులకు 200 రూపాయలు. బాలుడి మీద ఆధారపడిన సంసారం ఉండదన్న లెక్క కాబోలు. రికార్డు రూములో పాత చట్టం పుస్తకం తిరగేస్తూ ఆ 200 దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను.

అయినా ఆ చట్టంలో ఒక మంచి నిబంధన మొదటి నుంచీ ఉంది. చనిపోయినవాడి డబ్బు యజమాని నేరుగా ఎవరి చేతిలోనూ పెట్టరాదు, కమిషనరు దగ్గరే జమకట్టాలి. ఇంటివాళ్లకు నేనే ఇచ్చేశానంటే చెల్లదు. ఆ రోజుల్లో బర్మా కూడా బ్రిటిషు ఇండియాలోనే ఉంది, 1937 దాకా. నేటి శ్రీకాకుళం, విశాఖ, గోదావరి జిల్లాల నుంచి ఓడెక్కి వెళ్లి రంగూను రేవులోను, బియ్యం మిల్లుల్లోను పనిచేసిన మనవాళ్లకూ ఈ చట్టమే. ఊరుగాని ఊళ్లో చనిపోయిన కూలి డబ్బు మేస్త్రీ చేతికి ఇస్తే సముద్రం దాటేసరికి ఎంత మిగిలేదో ఎవరికి వారు ఊహించుకోవచ్చు.

యజమాని ఈ భారాన్ని ఎలా మోశాడన్నది ఇక చూద్దాం. పెద్ద కంపెనీలు మొదటి రోజు నుంచే బీమా చేశాయి. ప్రమాద బీమా చేసే కంపెనీలు కలిసి కలకత్తాలో క్లెయిమ్స్ బ్యూరో అని ఒకటి పెట్టుకుని, దేశంలో వచ్చే క్లెయిములను అక్కడి నుంచే పరిష్కరించుకునేవి. 1929లో వేసిన విట్లీ కమిషను, అంటే రాయల్ కమిషన్ ఆన్ లేబర్, నివేదికలో కూడా ఆ బ్యూరో ప్రస్తావన ఉంది. ఆ కమిషను సిఫారసుల మీదనే 1933లో చట్టం సవరించి, కూలి ప్రాణానికి కనీసం 500, పై జీతాల వారికి 4,000 దాకా వచ్చేట్టు పట్టిక వేశారు.

బీమా లెక్క తెలియని మన కుటుంబ సభ్యుల కోసం నాలుగు మాటలు. యజమాని రాబోయే ఏడాదిలో ఏ పనివాళ్లకు ఎంత కూలి చెల్లిస్తాడో అంచనా రాసి ఇస్తాడు. వెయ్యి రూపాయల కూలికి ఇంత అని ప్రీమియం కడతాడు. ఆ రేటు పనిని బట్టి ఉంటుంది. బల్ల ముందు కూర్చునే వాడికి తక్కువ, రాతిక్వారీలో మందు పేల్చేవాడికి ఎక్కువ. ఏడాది చివర కూలి రిజిస్టరు చూసి, ఎక్కువైతే మరికొంత వసూలు చేస్తారు, తక్కువైతే వాపసు ఇస్తారు. 1973 జనవరి నుంచి జనరల్ ఇన్సూరెన్సు అంతా నాలుగు ప్రభుత్వ కంపెనీల చేతిలోకి వచ్చింది. రేట్లు టారిఫ్ అడ్వయిజరీ కమిటీ నిర్ణయించేది, ఎక్కడికి వెళ్లినా ఒకటే రేటు. 2007లో ఆ కట్టుబాటు తీసేశారు.

వినడానికి ఎంతో సులువుగా ఉంది. కాని రెండు చోట్ల చెడేది. ఒకటి, కేంద్ర చట్టం ఈ బీమాను నిర్బంధం చేయలేదు. రెండోది, ప్రీమియం తగ్గించుకోవడానికి ఇరవై మంది పనిచేసే చోట పన్నెండు మందిని రాసేవారు, రెండు వేల కూలిని పన్నెండు వందలుగా చూపేవారు. దెబ్బ తగిలినవాడు ఆ పన్నెండుగురిలో లేడనుకోండి, ఇన్సూరెన్సు కంపెనీ ప్లీడరు లేచి, వీడెవడో మాకు తెలియదనేవాడు. యజమాని కూడా ఒక్కోసారి అదే మాట అనేవాడు. మస్టరు రోలు తెప్పించి చూస్తే వేలిముద్రలన్నీ ఒకే వేలివి.

చట్టానికి పాతికేళ్లు నిండగానే మనకు ఇంకొక దారి దొరికింది. ప్రొఫెసర్ అడార్కర్ 1944లో ఇచ్చిన నివేదిక మీద 1948లో ఈ.ఎస్.ఐ. చట్టం వచ్చింది. ఇది జర్మనీ పద్ధతికి దగ్గర. అందరు యజమానులూ జీతాల మీద చందా కడతారు, కార్మికుడు కూడా కొంత కడతాడు, జబ్బుకూ ప్రమాదానికీ ఒకే నిధి. ఈ.ఎస్.ఐ. ఉన్నచోట యజమాని మీద డబ్ల్యు.సి. దావా ఉండదు. కాని మొదలు పెట్టడానికి నాలుగేళ్లు పట్టింది. ముందు కాన్పూరులో, ఢిల్లీలో పెడదామన్నారు. మేము చందా కడుతూ ఉంటే బొంబాయి, అహమ్మదాబాదు మిల్లులు కట్టకుండా సరుకు చవకగా అమ్ముకుంటాయి, మా గతేమిటని అక్కడి యజమానులు అడ్డం తిరిగారు. అడిగిన దానిలో న్యాయముంది. అందుకని 1951లో చట్టం సవరించి, స్కీము అమలైన చోట జీతాల మొత్తం మీద నూటికి ఒకటింపావు, అమలు కాని చోట కూడా ముప్పావు చొప్పున దేశంలోని యజమానులందరి మీదా వేశారు. ఆ సర్దుబాటు అయిన తర్వాతనే 1952 ఫిబ్రవరి 24న నెహ్రూగారు కాన్పూరులో స్కీము ప్రారంభించారు. ఖర్చు అందరి మీదా సమానంగా పడితే యజమాని పెద్దగా పేచీ పెట్టడని ఆ ఘట్టం చూస్తే అర్థమవుతుంది.

ఈ.ఎస్.ఐ.లో ఇంకో తేడా మన పింఛనుదారులకు చెప్పనక్కరలేదు. డబ్ల్యు.సి.లో వచ్చేది ఒకేసారి ముట్టే మొత్తం. ఈ.ఎస్.ఐ.లో కార్మికుడు ప్రమాదంలో పోతే కుటుంబానికి నెలనెలా వస్తుంది. జీతంలో నూటికి తొంభై లెక్కగట్టి, అందులో అయిదింట మూడు పాళ్లు భార్యకు, రెండేసి పాళ్లు పిల్లలకు, మొత్తం ఆ తొంభైకి మించకుండా పంచుతారు. 2019 జులై నుంచి యజమాని చందా నూటికి 3.25, కార్మికుడిది 0.75. పదిహేను వేల జీతగాడికి యజమాని కట్టేది నెలకు 487 రూపాయల 50 పైసలు. ఇందులో వైద్యం కూడా కలిసే ఉంది. మందుల కోసం డిస్పెన్సరీలో నిలబడిన వారికి ఆ వైద్యం మీద ఫిర్యాదులుండవచ్చు, అది వేరే వ్యాసం.

విచిత్రమేమిటంటే, మనకు డబ్ల్యు.సి. నేర్పిన ఇంగ్లండు తన చట్టాన్ని 1948 జులైలోనే చుట్టిపెట్టి జాతీయ బీమాలో కలిపేసింది. పైగా యజమాని బాధ్యతకు బీమా తప్పనిసరి చేస్తూ 1969లో ఇంకో చట్టం కూడా చేసుకుంది. మనం మాత్రం ఆ పాత కోటును చిరుగులు కుట్టుకుంటూ ఇంకో డెబ్బై ఏడేళ్లు తొడుక్కున్నాం. ఈ.ఎస్.ఐ. ప్రాంతాల వారీగా, సంస్థలోని మనుషుల సంఖ్యను బట్టి వ్యాపించింది. పల్లెటూరి రైసుమిల్లు, రాతిక్వారీ, బోరుబావుల లారీ, ఇల్లు కట్టే మేస్త్రీ, ట్రాక్టరుతో నూర్పిడి చేయించే రైతు, వీళ్లందరూ డబ్ల్యు.సి. కిందనే మిగిలిపోయారు. తాటిచెట్టు ఎక్కేవాళ్లు కూడా చట్టం రెండో షెడ్యూలులో ఉన్నారు. అయితే వాళ్లలో చాలామందికి యజమాని అంటూ ఎవరూ ఉండరు గనుక చెట్టు మీద నుంచి పడితే అడగడానికి మనిషి లేడు. ప్రభుత్వ ఎక్స్‌గ్రేషియాయే దిక్కు.

మా ఆఫీసులో డిప్యూటీ కమిషనరుగారే ఈ చట్టం కింద కమిషనరు. విచారణ రోజు ఆఫీసు కోర్టు అయిపోయేది. నా టేబులు అద్దం కింద మొదటి షెడ్యూలు కాగితం ఉండేది. చూపుడు వేలు మొత్తం పోతే సంపాదన శక్తిలో నూటికి 14 నష్టం. మధ్య వేలుకు 12, ఉంగరపు వేలుకు గాని చిటికెన వేలుకు గాని 7. బొటనవేలుకు 30. ఒక చేతి నాలుగు వేళ్లూ పోతే 50. రెండో కన్ను బాగున్నప్పుడు ఒక కన్ను పోతే 40. కొత్తగా చేరిన కుర్ర గుమాస్తాలు అది చూసి నవ్వేవారు, కసాయి కొట్టు రేట్ల పట్టీలా ఉందని. పది రోజులు పనిచేసిన తర్వాత నవ్వు పోయేది.

ఆ పట్టీ అన్నిసార్లూ కొలబద్ద కాదని సుప్రీంకోర్టు 1975 డిసెంబరులో చెప్పింది. ఒరిస్సాలోని జయపురం కేసది. 1936 దాకా ఆ ఊరు మన విశాఖ జిల్లాలోనే ఉండేది. అక్కడ ఒక సినిమా హాలులో నగిషీ పని చేస్తూ 1968 జులైలో ఒక వడ్రంగి కింద పడ్డాడు. ఎడమ చేయి మోచేతి పైన తీసేశారు. పట్టీ ప్రకారమైతే నూటికి డెబ్బై నష్టం. ఒంటిచేతి వడ్రంగి ఉంటాడా, నూటికి నూరూ నష్టమే అన్నాడు కమిషనరు. 9,800 పరిహారం, మీద సగం జరిమానా, వడ్డీ వేశాడు. యజమాని ఢిల్లీ దాకా వెళ్లాడు. కమిషనరు చెప్పిందే సబబని సుప్రీంకోర్టు అన్నది. అంతకంటే ముఖ్యమైన మాట ఇంకొకటి అన్నది. పరిహారం బాకీ పడేది ఆర్డరు వచ్చిన రోజున కాదు, దెబ్బ తగిలిన రోజున. ఆ రోజు నుంచే వడ్డీ నడుస్తుంది. కేసు సాగదీస్తే ఖర్చు తగ్గుతుందనుకునే యజమానులకు ఆ తీర్పు చేదు మందు.

పరిహారం మొత్తం ఎంతన్నది 1984 సవరణ నుంచి ఒక సూత్రం ప్రకారం నడిచింది. నెల జీతంలో ఒక భాగాన్ని వయసుకు తగ్గ గుణకంతో హెచ్చవేయాలి. ముప్పై ఏళ్లవాడికి గుణకం 207.98. ఎంత జీతమున్నా లెక్కలోకి తీసుకునే పరిమితి అప్పుడు వెయ్యి రూపాయలు, మరణానికి తీసుకునే భాగం నూటికి 40. కనుక ముప్పై ఏళ్లవాడు చనిపోతే 83,192 రూపాయలకు పైన రాదు. 1995 సెప్టెంబరు 15 నుంచి పరిమితి రెండు వేలు, భాగం 50 అయింది. అదే మనిషికి 2,07,980. చూడండి, సెప్టెంబరు 14 సాయంత్రం పోయినవాడికి ఒక ధర, తెల్లవారి పోయినవాడికి దానికి రెండున్నర రెట్లు. ప్రమాదం జరిగిన నాటి రేటే వర్తిస్తుందని, కేసు ఎప్పుడు తేలిందన్నది లెక్క కాదని 1999లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. 2000 డిసెంబరులో పరిమితి నాలుగు వేలయింది. 2010 మే నెలాఖరులో ఎనిమిది వేలు. 2020 జనవరి 3న పదిహేను వేలు, అంటే అదే ముప్పై ఏళ్లవాడికి 15,59,850 రూపాయలు.

ఈ పరిమితి ఎప్పుడూ బజారు కూలి కంటే వెనకనే నడిచింది. పదేళ్లకోసారి లేచి నాలుగడుగులు వేసి మళ్లీ కూర్చునేది. ఆ మధ్య కాలమంతా యజమానికి, అతని ఇన్సూరెన్సు కంపెనీకి మిగిలిన ఖర్చు చనిపోయినవాడి ఇంట్లో తరుగు పడినట్టే. మన కరువు భత్యం ఆరు నెలలకోసారి పెరిగేది గదా, ఈ పరిమితిని కూడా ధరల సూచీకి కట్టి ఉంటే ఏం పోయేదని నేను అప్పుడూ అనుకునేవాణ్ణి, ఇప్పుడూ అనుకుంటాను.

యజమాని ఖర్చు ఎంత తేడాగా ఉండగలదో ఒక ఉదాహరణ చెబుతాను. ఊరు, పేరు వద్దు. 1997లో ఒక పల్లెలో, ఈ.ఎస్.ఐ. లేని ప్రాంతంలో, రైసుమిల్లు బెల్టులో లుంగీ చిక్కుకుని ఒక హమాలీ చనిపోయాడు. వయసు 35, జీతం 1,500. గుణకం 197.06. లెక్క 1,47,795 రూపాయలు. ఆ మిల్లు యజమాని అంతకు ముందు కొన్నేళ్లు పాలసీ కట్టి, ఒక్క క్లెయిము కూడా రాలేదు దండగని మానేశాడట. పక్క ఊరి మిల్లులో అదే ఏడాది వేరొకతని చేయి పోతే, పాలసీ ఉంది గనుక కంపెనీ చెక్కు పంపింది. ఆ మిల్లు యజమాని ఆ ఏడాది ఖర్చు ప్రీమియం మాత్రమే. మొదటి వ్యక్తి చెడ్డవాడేమీ కాదు. శవానికి కర్మకాండ అంతా తన ఖర్చు మీదనే చేయించాడు. కాని లక్షన్నర ఎక్కడి నుంచి తెస్తాడు? ఆర్డరు వచ్చింది, డబ్బు రాలేదు. భూమి శిస్తు బకాయిలా వసూలు చేయమని రెవెన్యూ వారికి రాశాం. ముగ్గురు ఎం.ఆర్.ఓ.లు మారారు. నూటికి పన్నెండు చొప్పున వడ్డీ మూడేళ్లలో 53,000 దాటింది. చివరకు మిల్లు అమ్మితే వచ్చిన దానిలోంచి జమపడింది. అన్ని నెలలూ ఆ భార్య మధ్యాహ్నం బస్సులో వచ్చి మా వరండాలో కూర్చుని నాలుగున్నర బస్సుకు వెళ్లిపోయేది. ఏమీ అడిగేది కాదు. ఆ మిల్లు షట్టరు పడేసరికి ఇంకో పదిమంది పని కూడా పోయింది.

ఇన్సూరెన్సు ఉన్నవారికీ ఒక మెలిక ఉండేది. పరిహారాన్ని వెంటనే జమకట్టకపోతే సగం దాకా జరిమానా వేయవచ్చు. ఆ జరిమానా మాత్రం యజమాని సొంత తప్పు గనుక ఇన్సూరెన్సు కంపెనీ కట్టనక్కరలేదని 1997లో సుప్రీంకోర్టు చెప్పింది. ప్రమాదం జరిగిన నాడే కంపెనీకి తెలియజేయకుండా, పోలీసు పంచనామా అయ్యాక చూద్దాంలే అనుకున్నవారు ఇందులో ఇరుక్కున్నారు. మా వద్దకు ఎక్కువగా వచ్చే లారీ డ్రైవర్లు, క్లీనర్ల కేసుల్లో ఇంత బాధ లేదు. సరుకు రవాణా వాహనానికి మోటారు బీమా తీసుకున్నప్పుడే వీరి డబ్ల్యు.సి. బాధ్యత కూడా అందులో చేరాలని మోటారు వాహనాల చట్టమే నిర్బంధం చేసింది. లారీ ఓనరు ఇష్టాయిష్టాలతో పని లేకపోయింది. నిర్బంధం ఎంత మేలు చేస్తుందో ఆ ఫైళ్లలో చూశాను. డ్రైవరు భార్యకు డబ్బు వచ్చింది, లారీ ఓనరుకు లారీ మిగిలింది.

నా సీటులో అతి భద్రంగా చూసుకున్నది డిపాజిట్ల రిజిస్టరు. చనిపోయినవాడి డబ్బును కమిషనరుగారు భార్యకింత, తల్లికింత, పిల్లలకింత అని పంచేవారు. మైనర్ల వాటా జాతీయ బ్యాంకులో వేసి రసీదు ఇనప్పెట్టెలో పెట్టేవాళ్లం. పద్దెనిమిదేళ్లు నిండాక పదో తరగతి సర్టిఫికెట్టు పట్టుకుని వచ్చేవారు. తండ్రి ముఖం గుర్తులేని పిల్లలు. ఒకమ్మాయి రసీదు తీసుకుంటూ, మా నాన్న సంతకం ఇందులో ఎక్కడైనా ఉందా అండీ అని అడిగింది. ఫైలు తీసి కూలి రిజిస్టరు జిరాక్సులో వేలిముద్ర చూపించాను. దాన్ని ఇంకో జిరాక్సు తీయించుకుని వెళ్లింది.

2009 సవరణతో చట్టం పేరులోని పనివాడు ఉద్యోగి అయ్యాడు. 2010 జనవరి 18 నుంచి చికిత్స ఖర్చు మొత్తం యజమాని ఇవ్వాలన్నారు, కేసు మూడు నెలల్లో తేల్చాలన్నారు. అంతవరకు రెండో షెడ్యూలులో చాలా పనులకు గుమాస్తా పని మినహా అని ఉండేది, అదీ తీసేశారు. ముప్పై అయిదేళ్లు ఈ చట్టం ఫైళ్లు మోసి నేను రిటైరయ్యాక గుమాస్తాకు అందులో చోటు దొరికింది. మా సూపరింటెండెంటుగారికి ఫోను చేసి చెబితే, కాగితం కోసుకుంటే ఎంత శాతమోయ్ అన్నారు.

ఇక పనికి వెళ్లే దారిలో జరిగే ప్రమాదం సంగతి. సైకిలు మీద ఫ్యాక్టరీకి వెళుతూ, షిఫ్టుకు పదిహేను నిమిషాల ముందు, గేటుకు కిలోమీటరు దూరంలో లారీ గుద్దిన కార్మికుడికి ఈ.ఎస్.ఐ. ప్రయోజనం రాదని 1996లో సుప్రీంకోర్టు అన్నది. తర్వాత 2010లో ఈ.ఎస్.ఐ. చట్టం సవరించి దారి ప్రమాదాన్ని చేర్చారు. డబ్ల్యు.సి.లో అలాంటి సవరణ రాలేదు. మహారాష్ట్రలో ఒక చక్కెర ఫ్యాక్టరీ కాపలాదారు 2003 ఏప్రిల్‌లో, తెల్లవారుజామున మూడింటి డ్యూటీకి మోటారు సైకిలు మీద వెళుతూ చనిపోయాడు. అతని కుటుంబానికి పరిహారం చెల్లుతుందని సుప్రీంకోర్టు 2025 జులై 29న తీర్పు చెప్పింది. ఇరవై రెండేళ్లు పట్టింది. అదే ఏడాది నవంబరులో అమలైన కొత్త కోడ్‌లో దారి ప్రమాదం మాట నేరుగా రాసే ఉంది, పనికీ ప్రయాణానికీ సంబంధం రుజువైతే చాలు. మన సభ్యుల పిల్లల్లో చిన్న చిన్న యూనిట్లు, కాంట్రాక్టు పనులు నడుపుతున్నవారు చాలామంది ఉన్నారు. పాలసీ రెన్యువలు చేయించేటప్పుడు మూడు సంగతులు ఏజెంటును అడిగి రాతపూర్వకంగా తీసుకోవాలి. చికిత్స ఖర్చు అందులో చేరిందా, సబ్‌కాంట్రాక్టరు మనుషులు చేరారా, ఇంటి నుంచి పనికి వచ్చే దారి చేరిందా. కూలి అంకె మాత్రం రిజిస్టరులో ఉన్నదే రాయాలి.